తగ్గని జలుబు

శుక్రవారం

ప్రియమైన తమ్ముడికి,

నీ పుణ్యమా అని నిన్న సాయంత్రం మళ్ళీ మన పిడుగు గొంతు విన్నాను. రేడియోలో వాడు "మా అమ్మకి నమస్కారం" అని మొదలుపెట్టేసరికి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పొంగనీ అని కూర్చున్నాను. గిన్నె మాడి బొగ్గయింది. నా కొడుకు దేశం మొత్తానికీ వినబడుతుంటే గిన్నె ఎవరిక్కావాలిరా!

మా మేడ కింద రొట్టెల కొట్టావిడ కూడా పైకొచ్చి నా పక్కనే కూర్చుని వింది. ఆవిడది నది అవతలి భాష. మన మాటలు బాగానే అర్థమవుతాయి, పలకడం దగ్గరే తంటా. రాత్రి ఎనిమిదింటికి వాళ్ళ భాష స్టేషన్లో కూడా వాడి గొంతు వచ్చిందట, వాడి మాటల మీదుగా ఎవరో వాళ్ళ భాషలో చెప్పారట. అంత దూరం, యుద్ధం జరిగే చోటికి, ఆ గుంటల్లోకి, వారం వారం మైకు పట్టుకెళ్ళి వాడిచేత మాట్లాడిస్తున్నారంటే మీ సమాచార శాఖని మెచ్చుకోవాల్సిందే.

ఒక్కటే బెంగ. వాడికి జలుబు ఇంకా తగ్గలేదు. ముక్కు దిబ్బడతో "అమ్మ" అనబోయి "అబ్బ" అంటున్నాడు. ఇక్కడ రైలెక్కే రోజునే పట్టింది. ప్లాట్‌ఫారం మీద మూడుసార్లు తుమ్మాడు. చిన్నప్పటి అలవాటు కదా, మూడుసార్లూ "చిరంజీవ" అనేశాను. "పంతొమ్మిదేళ్ళొచ్చాయమ్మా, యూనిఫాంలో ఉన్నాను, అందరూ వింటున్నారు, ఆపవా!" అని కసిరాడు వెధవ. మీ రాజధాని శిబిరంలో రెండు రోజులున్నాడుగా, నీ దగ్గరికి వచ్చినప్పుడైనా కాస్త ఆవిరి పట్టించలేకపోయావా? అక్కడి డాక్టరుకి ఒక మాట చెప్పించు.

ఇంకొకటి. మా ఆసుపత్రి గుడ్డల గదిలో ఊపిరాడటం లేదు. చిరిగినవి కుట్టడానికి పగలు చాలట్లేదు. వార్తల్లో మాత్రం మనవాళ్ళకి గీత కూడా పడలేదంటున్నారు. మరి నేను నానబెట్టే ఈ దుప్పట్ల మీద నెత్తురు ఎవరిదిరా? నువ్వు ఆ శాఖలోనే ఉన్నావని అడుగుతున్నాను. కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా నాకేం.

నువ్విచ్చిన శాఖ ముద్ర కవర్లోనే పెడుతున్నాను. దాన్ని దారిలో ఎవరూ విప్పరన్నావు కదా అని మనసులో ఉన్నదంతా రాశాను.

నీ చెవి మెలిపెట్టే హక్కున్న ఒకే ఒక్క మనిషి,
మీ అక్క


మంగళవారం

ప్రియమైన అక్కకి,

గిన్నె మాడ్చినందుకు నీకు కొత్తది కొనిపెట్టే బాధ్యత నాదే. అంత బాగా వచ్చిందన్నమాట మా కార్యక్రమం!

నేనేం పని చేస్తానో నీకెప్పుడూ అర్థం కాదంటావు. ఈసారి విను. మన పిడుగు గొంతు ఒక్కటే, దానికి మూడు చొక్కాలు కుట్టాను. మనవాళ్ళకి అమ్మ పేరు చెబితే చాలు, కరిగిపోతారు. అందుకని వాడు నీతో మాట్లాడతాడు. నది అవతలివాళ్ళు ఆజ్ఞలంటే మండిపడతారు, పిలవకుండా తనంతట తాను సాయానికొచ్చినవాడంటే ప్రాణమిస్తారు. వాళ్ళ స్టేషన్లో వాడి గొంతు రెండు మాటలు వినిపించి, పైన మా మనిషి "నన్నెవరూ రమ్మనలేదు, నేనే వచ్చాను" అని చెబుతాడు. సముద్రం అవతలివాళ్ళు మనకి డబ్బూ మందులూ పంపాలి. వాళ్ళకి వీరులంటే అనుమానం, పసివాళ్ళంటే జాలి. అక్కడ వాడు "నాకింకా పంతొమ్మిదే, ఇంటికి పోవాలనుంది" అంటాడు. ఏ జనానికి ఏది కావాలో అన్నీ ఫైళ్ళలో ఉంటాయి. మూడు స్టేషన్లకీ టేపు వెళ్ళేది నా చేతి మీదుగానే. మా పెద్దాయన నిన్న అందరి ముందూ నా భుజం తట్టాడు.

అబద్ధం కదా అంటావు, నాకు తెలుసు. కాదక్కా. వాడు నిన్ను తలుచుకుంటాడు, తనంతట తానే ధైర్యంగా వెళ్ళాడు, వాడికి ఇంటి మీద బెంగా ఉంది. మూడూ నిజాలే. ఎవరికి ఏది వినబడుతుందో అదే వినిపిస్తున్నాం.

దుప్పట్ల సంగతి బయట ఎక్కడా అనకు. జలుబు గురించి కబురు పంపాను. అక్కడ చలెక్కువ, అంతే. ఆవిరి పట్టమన్నావని చెబితే వాడి స్నేహితులు వారం రోజులు ఏడిపిస్తారు వాణ్ణి.

నీ తమ్ముడు


శుక్రవారం

ప్రియమైన తమ్ముడికి,

మూడు వారాలు ఉత్తరం ఎందుకు రాయలేదా అనుకుని ఉంటావు. పని.

నిన్నటితో వాడు రేడియోలో మాట్లాడటం ఐదోసారి. నిన్న "ఇక్కడ వానలు మొదలయ్యాయి అబ్బా" అన్నాడు. ఐదు వారాలు, అదే దిబ్బడ. ఐదు వారాల జలుబు ఎక్కడైనా ఉంటుందా? నువ్వు కబురు పంపానన్నావు. డాక్టరు చూశాడా? ఏమన్నాడు?

మా ఆసుపత్రి పెద్ద డాక్టరు సముద్రం అవతలి మనిషే. వాళ్ళ స్టేషన్లో మీ పిల్లవాడు చెప్పింది విని మా ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుందమ్మా, పెట్టెడు మందులు పంపిస్తోంది అన్నాడు. రొట్టెల కొట్టావిడకి ఒక్కతే కూతురు, నీకు తెలుసు, పొయ్యి దగ్గర తల్లికి కుడిచెయ్యి. ఆ పిల్ల నిన్న వెళ్ళి సైన్యంలో బండ్లు నడిపే పనికి పేరిచ్చి వచ్చింది. తల్లి వద్దని తల కొట్టుకుంటే "ఆ పైమేడ అబ్బాయిని ఎవరు పిలిచారు? తనే వెళ్ళలేదూ?" అందట. నా మొహం చూసి అడిగింది ఆవిడ, నీ కొడుకు ఆ మాట ఎందుకన్నాడు అని. నేనేం చెప్పాలో నువ్వే చెప్పు.

ఇక అసలు సంగతి. ఒక్క మాట అడుగుతాను, డొంకతిరుగుడు లేకుండా చెప్పు. మన పిడుగుతో నువ్వు ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడావు? వాడెలా ఉన్నాడు?

మీ అక్క


బుధవారం

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. యుద్ధంలో కొడుకున్న ఏ తల్లీ జలుబు గురించి ఇంత గొడవ చెయ్యదు. మొన్ననే వాడితో ఫోన్లో మాట్లాడాను. నవ్వుతూనే ఉన్నాడు. జలుబు తగ్గుముఖం పట్టిందన్నాడు. నిన్ను వేళకి తినమన్నాడు. నువ్వు ఊరికే మనసు పాడుచేసుకోకు.

నీకో మంచి వార్త. మా పెద్దాయనకి ఒక ఆలోచన వచ్చింది. కొడుకు మాట దేశమంతా వింది, ఇక తల్లి బదులు చెప్పాలి. కారు పంపిస్తాం. నువ్వొచ్చి నాలుగు మాటలు చదివితే చాలు. నీకు కష్టం లేకుండా నేనే రాసి పెడతాను. నువ్వెలా మాట్లాడతావో నాకంటే ఎవరికి బాగా తెలుసు?

రొట్టెల కొట్టావిడకి ధైర్యం చెప్పు. బండ్లు నడిపేవాళ్ళు వెనకే ఉంటారు.

నీ తమ్ముడు


శనివారం

తమ్ముడికి,

ప్రియమైన అన్న మాట ఈసారి రాయను. కలం అటు పోవడం లేదు.

మొన్ననే మాట్లాడావా? నవ్వుతూనే ఉన్నాడా? ఆ మాట రాయడానికి చెయ్యెలా ఆడిందిరా నీకు? నన్ను వేళకి తినమన్నాడా!

నీకిప్పుడు నేను చెబుతాను, విను. ఐదో గురువారం నేను ఇంట్లో లేను. నాలుగో వార్డులో మంచాలకి దుప్పట్లు మారుస్తున్నాను. అక్కడి రేడియోలో వాడి గొంతొచ్చింది. ఇక్కడ వానలు మొదలయ్యాయి అబ్బా, అని. కాలు తీసేసిన ఒక అంబులెన్సు డ్రైవరు కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. వాడు చప్పున లేచి కూర్చుని "వీడేంటి ఇంకా మాట్లాడుతున్నాడు?" అన్నాడు. పక్కవాడు ఎవరని అడిగాడు. "వీణ్ణి మేం రేడియో అని పిలిచేవాళ్ళం. ఎండలో చెమటలు కక్కుతూ మా పక్కనే కూర్చుని ఉండేవాడు, రేడియోలోనేమో చలి చంపేస్తోందని చెప్పేవాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. అన్నీ ముందే ఒకే పూట చదివించేశారట పాపం. వంతెన దగ్గర దెబ్బ తగిలితే నా బండిలోనే ఎక్కించాను. ఆసుపత్రి దాకా రాలేదు. రెండు వారాలైంది" అన్నాడు.

నేను దుప్పటి సగం మడిచి అలాగే నిలబడ్డాను. నేనెవరో ఆ డ్రైవరుకి తెలియదు. నా నోటెంట మొదట వచ్చిన మాటేమిటో తెలుసా? ఎలా పోయాడని కాదు. "జలుబు తగ్గిందా బాబూ?" అన్నాను. వాడు వింతగా చూశాడు. "మొదటి వారమే తగ్గిపోయిందమ్మా. గొంతు ఖంగుమనేది" అన్నాడు. ఆ తర్వాత వాడికి అర్థమైంది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

దాని మర్నాడే నీకు రాశాను. నేను నిన్ను అడిగింది జలుబు గురించి కాదురా. నా తమ్ముడు ఇంకా మిగిలున్నాడా, శాఖవాడొక్కడే ఉన్నాడా అని అడిగాను. నువ్వు జవాబిచ్చావు.

తండ్రి పోయిన పిల్లాడని భుజాల మీద తిప్పావు. సైకిలు నేర్పావు. వాడి మోకాలు చెక్కుకుపోతే నువ్వేడ్చావు. ఆ పిల్లాడు చచ్చిపోయాక వాడి గొంతు తీసి వారం వారం ఊరి మీదికి వదులుతున్నావా? పైగా మూడు చొక్కాలట! శవానికి చొక్కాలు తొడిగి ఊరేగిస్తూ భుజం తట్టించుకుంటావా? ఆ ఫైళ్ళు రాసినవాళ్ళ చేతులు పడిపోను! ఏ జనం దేనికి ఏడుస్తారో, దేనికి రోషపడతారో కనుక్కుని, సరిగ్గా అక్కడే నొక్కుతారన్నమాట. నది అవతలివాళ్ళ మంచితనం మీకు ఒక మీట. నేనూ మీకు ఒక మీటనే.

ఇక్కడి సైనిక కార్యాలయానికి వెళ్ళి నా కొడుకు పేరు పోయినవాళ్ళ జాబితాలో వెయ్యండి, కాగితం ఇవ్వండి, ఎక్కడ పూడ్చారో చెప్పండి అని అడిగాను. కిటికీలో గుమాస్తా నవ్వాడు. "గురువారం వినలేదా అమ్మా? బాగానే ఉన్నాడుగా!" అన్నాడు. రేడియోలో మాట్లాడేవాడు పోయాడని ఎవడు రాస్తాడు? నా కొడుకుని చావనైనా చావనివ్వరా మీరు?

ఇంకా ఎన్ని ఉన్నాయిరా అలాంటివి? వాడు గెలిచి వచ్చేస్తున్నానని చెప్పేది కూడా చదివించారా?

నీ కారు పంపకు. పంపితే దాని అద్దాలు పగలగొడతాను.

అక్క


ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారం కావస్తోంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. అన్నిటిలోనూ నన్ను నేను వెనకేసుకొచ్చాను.

మూడో వారమే వాడి పేరున్న జాబితా నాకు వచ్చింది. పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. "మంచి గొంతు దొరికింది, ఎనిమిదీ అయ్యాక పేరు బయటపెడదాం, అప్పటికి మీ అక్కగారికి కూడా కాస్త వ్యవధి దొరుకుతుంది" అన్నాడు. నేను తల ఊపాను. ఇంకో ఐదు వారాలు అక్కకి కొడుకు ఉంటాడు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నీ కోసమే చేస్తున్నాననుకున్నాను, చూడు, ఎంత తేలిగ్గా నమ్మేశానో. నాకు సరిపోయే చొక్కా నేనే కుట్టుకున్నాను.

అవును, ఎనిమిదీ ఒకే పూట చదివించింది నేనే. చలికొకటి, వానకొకటి, గెలిచినందుకొకటి. ఆరోజు వాడికి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. "ఇవాళ వద్దు మావయ్యా, అమ్మ కనిపెట్టేస్తుంది" అన్నాడు. "మీ అమ్మకేం తెలుస్తుందిరా, చదువు" అన్నాను నేను. అప్పటికే టేపు తిరుగుతోంది. ఆ మాటలు మొదట్లో అలాగే ఉండిపోయాయి. కత్తిరించి దాచాను. ఎందుకు దాచానో నాకే తెలియదు.

మొన్న గురువారం ఏడోది వెళ్ళింది. నేనే వేశాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వేశాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గరేం లేదు.

ఈ గురువారం ఎనిమిదోది. గెలిచి వస్తున్నానని చెప్పేది. ఈసారి మూడు స్టేషన్లకీ ఒకేసారి వెళుతుంది. రేడియో పెట్టు. రొట్టెల కొట్టావిడనీ, వాళ్ళమ్మాయినీ కూడా పిలువు.

నీ తమ్ముడినని రాసే మొహం లేదు.


సోమవారం

ప్రియమైన తమ్ముడికి,

ఆ మొదటి మాట రాయాలా వద్దా అని అరగంట కూర్చున్నాను. రాశాను. క్షమించేశానని అనుకోకు. లేదు. ఏడో గురువారం నా ఉత్తరం జేబులో పెట్టుకుని కూడా టేపు వేశావు, అది నేను చచ్చినా మరిచిపోను.

ఇప్పుడు నీకు ముద్ర కవర్లు లేవు. జైల్లో ఈ ఉత్తరం విప్పి చదువుతారు. చదవనీ. ఒరేయ్, చదివేవాడా, నీకూ ఒక తల్లి ఉండే ఉంటుంది, మెల్లగా చదువు.

గురువారం మేం ముగ్గురం రేడియో ముందే ఉన్నాం. రొట్టెల కొట్టావిడ వాళ్ళ రేడియో కూడా మోసుకొచ్చింది. వాడి గొంతు రెండిట్లోనూ ఒకేసారి వచ్చింది. నది అవతలి భాషలో చెప్పేవాడు అలవాటుగా రెండు మాటలు మొదలుపెట్టి ఆగిపోయాడు. వాడి కాగితంలో అది లేదు కదా పాపం. వాడి మౌనం మీద మన పిడుగు మాట స్పష్టంగా వినబడింది. అమ్మ కనిపెట్టేస్తుంది అన్నదీ, మీ అమ్మకేం తెలుస్తుంది అని నువ్వన్నదీ. కానీ ఆ తర్వాత వాడు అడిగింది నాకు నువ్వు రాయలేదు. "మరి నాకేమన్నా అయితే ఇవి ఆపేస్తావుగా మావయ్యా?" అన్నాడు. "ఆపకుండా ఉంటానా, చదువు" అన్నావు నువ్వు. అది రాయడానికి నీకు చెయ్యి రాలేదు, కానీ దేశమంతా వినేలా వేశావు. ఆ ఒక్కదానికే పైన ఆ మాట రాశాను.

తర్వాత సంగతి నీకు తెలియదు కాబట్టి చెబుతాను. మర్నాడు పొద్దున మీ శాఖ మళ్ళీ చొక్కాలు కుట్టేసింది. మనకేమో, శత్రువు ఆ అబ్బాయి గొంతుని అనుకరించి మన స్టేషన్లోకి చొరబడ్డాడట. నది అవతల, అడక్కుండా వెళ్ళిన కుర్రాడి పరువుని సొంత మేనమామే అమ్ముకున్నాడట. సముద్రం అవతల, యంత్రంలో చిన్న పొరపాటు, చింతిస్తున్నామట. మా డాక్టరు, రొట్టెల కొట్టావిడ, నేను మూడూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. నువ్వు నేర్పిన విద్యే కదూ. మా వీధిలో సగంమంది నమ్మేశారు కూడా. శత్రువు ఎంత నీచుడో చూశారా అని పాలవాడు నాకే చెప్పాడు.

శనివారం ఇద్దరొచ్చారు. టైపు చేసిన కాగితం తెచ్చారు. గురువారం విన్నది మా అబ్బాయి గొంతు కాదు, అని నేను సంతకం పెట్టాలట. పెడితే వాడి పేరు గౌరవంగా జాబితాలో వేస్తారట, వాడి సామాను పెట్టె ఇస్తారట, ఎక్కడ పూడ్చారో చెబుతారట. పెట్టె కారులోనే ఉందన్నారు. కిటికీలోంచి కనబడుతోంది, చిన్నది, తాడుతో కట్టి ఉంది. ఒరేయ్, ఆ తాడు విప్పడానికి నా ప్రాణమైనా ఇచ్చేదాన్ని.

కలం తీసుకున్నాను. ఆ టైపు ముక్క మీద అడ్డంగా గీత గీసి, కింద రాశాను. "ఇది నా కొడుకు గొంతే. జలుబు కూడా వాడిదే." సంతకం పెట్టి ఇచ్చాను. వాళ్ళు కాగితం మడిచి జేబులో పెట్టుకుని పెట్టెతో సహా వెళ్ళిపోయారు. ఇవాళ ఆసుపత్రిలో నా గుడ్డల గది తాళంచెవి కూడా తీసేసుకున్నారు. రేపటి నుంచి కింద రొట్టెల కొట్లో పిండి కలుపుతాను. ఆ పిల్ల ఇంకా వెళ్ళలేదు. సంచి గుమ్మం దగ్గరే ఉంది, కానీ వెళ్ళలేదు.

ఒకటి మిగిలింది. ఏడు వారాలూ నేను విన్నది నువ్వు రాసిచ్చినదాన్ని చదివిన గొంతు. గురువారం టేపులో, నువ్వు చదువు అన్న తర్వాత, కాగితం చప్పుడైంది. వాడు గట్టిగా ఊపిరి పీల్చి ఒక్క తుమ్ము తుమ్మాడు. అది నువ్వు రాసింది కాదు. ఏ చొక్కా లేకుండా అచ్చంగా నా కొడుకు వచ్చి వంటగదిలో తుమ్మినట్టుంది. వాడు పోయి ఐదు వారాలని తెలుసు, పక్కనే ఆ తల్లీకూతుళ్ళున్నారని తెలుసు. అయినా నా నోరు ఆగలేదురా.

"చిరంజీవ" అనేశాను.

మీ అక్క